పడవ కింద చప్పుడు

పడవ బోల్తా పడితే ఎవరైనా పైకి రావడానికి తొందరపడతారు. సూరిబాబు తొందరపడేవాడు కాదు.

రాజమండ్రిలో గోదావరి ఒడ్డున ఒక చిన్న పడవల క్లబ్బు ఉంది. ఆదివారం పొద్దున్నే పదిహేను ఇరవైమంది అక్కడ చేరతారు. ఒక పళ్ళ డాక్టరు, ఇద్దరు ముగ్గురు బ్యాంకు ఉద్యోగులు, మిగతా అంతా ఇంజినీరింగ్ చదివే పిల్లలు. సన్నగా పొడుగ్గా ఉండే కయాకుల్లో ఎవరి మటుకు వాళ్ళు కూర్చుని, రెండు చివర్లా రెక్కలున్న తెడ్డుతో నీళ్ళు తోసుకుంటూ లంకల దాకా వెళ్ళి వస్తారు. పనేమీ ఉండదు. సరదాకే.

వాళ్ళకి నేర్పేది ఎస్తేరు గారు. ఆడపిల్లల కాలేజీలో ఏళ్ళ తరబడి ఆటలు నేర్పి రిటైరైన మనిషి. అరవై దాటాయి. తెల్లజుట్టు మెడ దాకా కత్తిరించుకుంటారు. అందరూ ఆవిడని టీచర్ గారూ అంటారు. ఆవిడ మాత్రం పళ్ళ డాక్టరుతో సహా అందర్నీ నువ్వనే అంటారు. మాట తక్కువ. ఒక్కోసారి పొద్దుటి నుంచి ఎండెక్కే దాకా "మోచెయ్యి దించు" అన్న రెండు మాటలతో గడిపేస్తారు.

కార్తీకం మొదట్లో సూరిబాబు వచ్చి చేరాడు. యాభైకి దగ్గర పడ్డవాడు, దానవాయిపేటలో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది.

"షుగరు వచ్చిందండి. డాక్టరు గారు ఏదో ఒక వ్యాయామం పెట్టుకోమన్నారు," అన్నాడు.

"ఈత వచ్చా?"

"ఈ మధ్యే నేర్చుకున్నానండి."

ఆవిడ అతన్ని ఒకసారి తేరిపార చూసి, లైఫ్ జాకెట్టు చేతికిచ్చారు.

కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠం బోల్తా పడటమే. కయాకులో కూర్చున్నాక నీళ్ళు లోపలికి రాకుండా నడుము చుట్టూ ఒక రబ్బరు గుడ్డ బిగిస్తారు. దాన్ని స్కర్టు అంటారు. పడవ తలకిందులైతే ఆ స్కర్టు ముందున్న పట్టీ లాగి, కాళ్ళు విడిపించుకుని బయటపడాలి. నడుం లోతు నీళ్ళే. టీచర్ గారు పక్కనే నిలబడి ఉంటారు. అయినా మొదటిసారి ఎవరికైనా ప్రాణం పోయి వచ్చినంత పనవుతుంది. పళ్ళ డాక్టరు కుమారస్వామి అయితే గిలగిలా కొట్టుకుంటూ పైకొచ్చి, "అమ్మ బాబోయ్" అంటూ ఒడ్డున కూలబడిపోయి, రెండు వారాలు క్లబ్బు ముఖం చూడలేదు.

సూరిబాబు పక్కకి ఒరిగాడు. పడవ తిరగబడింది. ఎర్రటి అడుగు భాగం పైకి తేలింది. పిల్లలంతా చూస్తున్నారు. పట్టీ లాగిన జాడ లేదు. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం లేదు. పడవ కింద మనిషి ఉన్నాడో లేడో అన్నట్టుంది.

టీచర్ గారు కాసేపు చూశారు. పడవ అంచు పట్టుకుని ఒక్క తిప్పు తిప్పారు. సూరిబాబు నీళ్ళు ఓడుతూ పైకొచ్చాడు. రొప్పు లేదు. దగ్గు లేదు.

"పట్టీ దొరకలేదా?"

"దొరికిందండి."

"మరి లాగలేదేం?"

"లాగుదామనే అనుకుంటున్నానండి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఊపిరి చూసి కుమారస్వామికి మతిపోయింది. "ప్రాణాయామం చేస్తారా ఏంటండీ?" అని అడిగాడు. సూరిబాబు చిన్నగా నవ్వాడు. చాలా కాలానికి ఒక మనిషి అతన్ని మెచ్చుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారాల్లో అతను అడక్కుండానే బోల్తా పడేవాడు. ప్రతిసారీ ఇంకాస్త సేపు లోపలే ఉండేవాడు. ఎవరో ఒకరు వచ్చి తిప్పాల్సిందే. కొత్తవాళ్ళు వస్తే పిల్లలు అతన్ని చూపించి, "మా సూరిబాబు గారిని చూడండి," అనేవాళ్ళు. అతనికి అది బాగానే ఉండేది.

అతను లోపల ఎందుకు ఉండిపోతున్నాడో ఎవరికీ తెలియదు. నీళ్ళ కింద తలకిందులుగా ఉన్నంతసేపూ ఒక చప్పుడు ఆగిపోయేది. పైన ఎక్కడున్నా అది ఆగదు.

చలికాలం వచ్చింది. గోదావరి మీద పొగమంచు పేరుకుని అవతలి ఒడ్డు కనబడని ఒక పొద్దున, టీచర్ గారు సూరిబాబు కయాకుని షెడ్డులో పెట్టించి తాళం వేశారు.

"ఇవాళ్టి నుంచి నువ్వు బోల్తా పడకూడదు. కెనూలో నా ముందు కూర్చో."

కెనూ అంటే మూత లేని పడవ. ఇద్దరు ముందూ వెనకా కూర్చుంటారు. స్కర్టు ఉండదు, దాక్కోవడానికి చోటుండదు. సూరిబాబు ముఖం మాడిపోయింది.

"నేను తప్పేం చేశానండి? అందరికన్నా బాగా చేస్తున్నాను కదా."

"కూర్చో," అన్నారావిడ.

ఆ చలికాలమంతా అతను ముందు, ఆవిడ వెనక. పిల్లలు కయాకుల్లో రివ్వున దూసుకుపోతుంటే ఈ ఇద్దరూ లంక అంచు వెంబడి నెమ్మదిగా పోయేవాళ్ళు. మాటలుండేవి కావు. వెనక ఆవిడ తెడ్డు నీళ్ళలో పడే చప్పుడు మాత్రం అతనికి వినబడేది. ఒకరోజు ఆవిడ దుకాణానికి వచ్చి కళ్ళు చూపించుకుని కొత్త కళ్ళజోడు చేయించుకున్నారు. అక్కడా మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు తలుపు పక్కనున్న కాలింగ్ బెల్లు వంక చూశారు. దుకాణానికి కాలింగ్ బెల్లు ఎవరు పెట్టుకుంటారు? పైగా దాని కింద, 'దయచేసి తలుపు తట్టవద్దు' అని రాసుంది.

సంక్రాంతికి ముందు ఒక ఆదివారం, లంక దగ్గర ఇసుక మీద కెనూ ఆపి ఇద్దరూ దిగారు. టీచర్ గారు సంచీలోంచి కాల్చిన తేగలు తీసి ఒలుస్తున్నారు. సూరిబాబు ఇసుకలో కూర్చుని, ఆవిడ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇక్కడేనండి. ఈ లంకకే వస్తున్నారు మావాడూ వాడి స్నేహితులూ. హేమంత్ అండి మావాడి పేరు. డిగ్రీ రెండో ఏడు. మొన్నటిది కాదు, అంతకు ముందు కార్తీకంలో వనభోజనాలని ఎవరిదో నావ తీసుకుని ఆరుగురు బయల్దేరారు. మధ్యలో తిరగబడింది. అయిదుగురు బయటపడ్డారు."

ఆవిడ తేగ ఒలుస్తూనే ఉన్నారు.

"వీడి కాలు చెక్కల మధ్య ఇరుక్కుందటండి. నావ కింద ఉండిపోయాడు. మిగతా పిల్లలు నావ పట్టుకుని తేలుతున్నారు. ఫణి అని ఒకబ్బాయి, పదోరోజున మా ఇంటికొచ్చి నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. లోపల్నించి కొట్టాడు అంకుల్, మేము విన్నాం, తిప్పలేకపోయాం అన్నాడు. చెప్పకుండా ఉంటే నిద్రపట్టడం లేదన్నాడు. వాడు చెప్పేశాడు. వాడికి నిద్రపట్టిందేమో."

పిడికెడు ఇసుక తీసి వేళ్ళ సందుల్లోంచి వదిలాడు. మళ్ళీ అన్నాడు.

"ఆ టైముకి నేను దుకాణంలో ఎవరిదో కళ్ళజోడు మర బిగిస్తున్నానండి. అప్పట్నుంచి ఎవరు తలుపు కొట్టినా అదే. బల్ల మీద ఎవరు వేళ్ళు ఆడించినా అదే. ఎవరూ ఏమీ కొట్టకపోయినా అదే. మా ఆవిడకి ఈ సంగతి తెలియదు. వెంటనే పోయాడు, బాధ తెలియకుండా పోయాడు అని చెప్పాను. ఆవిడ దాన్ని పట్టుకునే బతుకుతోంది."

ఆవిడ వంక తిరిగి అడిగాడు. "వాడు అంత కొడితే ఒక్కరూ రాలేదేంటండీ?"

ఎస్తేరు గారు ఒలిచిన తేగని రెండుగా విరిచి, సగం అతని చేతిలో పెట్టారు. మిగతా సగం తను తిన్నారు. లేచి కెనూని నీళ్ళలోకి తోశారు.

సూరిబాబు తిరుగు దారంతా పళ్ళు బిగించుకుని తెడ్డు వేశాడు. ఏడాదిగా లోపల దాచుకున్నది మొట్టమొదటిసారి ఒక మనిషి ముందు విప్పితే, ఆవిడ కనీసం అయ్యో అని కూడా అనలేదు. రాతి మనిషి అనుకున్నాడు.

ఇంటికి వెళ్తే భార్య సుగుణ గుమ్మంలోనే ఆపింది.

"ఆ బట్టలు బయట పడేసి రండి. ఆ నీళ్ళ వాసన లోపలికి తేవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

అతను పెరట్లో బట్టలు విప్పి, పంపు కింద ఒళ్ళు తోముకుని లోపలికి వెళ్ళాడు. అన్నం పెట్టింది. ఇద్దరూ తిన్నారు. కంచాల చప్పుడు తప్ప ఆ ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు. కొన్నాళ్ళకి కంచానికి గరిటె తగిలినా అతను ఉలిక్కిపడుతున్నాడని గమనించి, సుగుణ స్టీలు గరిటెలు తీసేసి చెక్కవి తెచ్చింది. ఎందుకని అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఆమె భయం.

ఫాల్గుణంలో టీచర్ గారు సూరిబాబు కయాకు అతనికి తిరిగిచ్చారు. ఆ వారమే కొత్త పాఠం మొదలైంది. దాని సంగతి అతనికి ముందు తెలిసుంటే ఆ రోజు వచ్చేవాడే కాదు.

"బోల్తా పడగానే ప్రతిసారీ బయటికి దూకక్కర్లేదు," అని ఆవిడ పిల్లలకి చెబుతున్నారు. ఆ రోజు ఆవిడ మాట్లాడినంత ఎప్పుడూ మాట్లాడలేదు. "పక్కన ఇంకో పడవ ఉందనుకోండి. తలకిందులుగానే ఉండి, రెండు చేతులూ నీళ్ళ పైకి చాపి పడవ అడుగుని కొట్టాలి. గట్టిగా మూడు దెబ్బలు. తర్వాత చేతుల్ని పడవ పక్కల వెంబడి ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉండాలి. చప్పుడు విన్నవాళ్ళు తమ పడవ ముక్కుని ఆ చేతుల దగ్గరికి తెచ్చి ఆనిస్తారు. దాన్ని పట్టుకుని పైకి లేవాలి. అంతే."

ఒక కుర్రాడు బోల్తా పడ్డాడు. పడవ అడుగు మీద దెబ్బలు పడ్డాయి. ధబ్ ధబ్ ధబ్.

సూరిబాబు పడవ తిప్పేశాడు. వెనక్కి చూడకుండా ఒడ్డుకి చేరి, దిగి, కయాకుని ఇసుక మీదికి ఈడ్చి, దాని పక్కనే వాంతి చేసుకున్నాడు.

ఆ పాఠం వారాల తరబడి సాగింది. పిల్లలకి అదో ఆట. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు బోల్తా పడటం, కొట్టడం, ఇంకొకళ్ళు దూసుకొచ్చి ముక్కు ఆనించడం, లేచి పకపకా నవ్వడం. సూరిబాబు వంతు వస్తే కొట్టేవాడు కాదు. ఎవరైనా కొడితే వెళ్ళేవాడు కాదు. ఒకసారి ఒక అమ్మాయి అతని పక్కనే తలకిందులై కొడుతుంటే, రెండడుగుల దూరంలో తెడ్డు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఇంకెవరో వచ్చి లేపారు. ఆ అమ్మాయి పైకొచ్చి, "అదేంటి అంకుల్!" అంది. ఫణి కూడా అంకుల్ అనే పిలిచాడు, ఆ పిలుపు అతనికి చాలు.

ఆ రోజు ఒడ్డు చేరాక టీచర్ గారి ముందు నిలబడ్డాడు.

"నేను క్లబ్బు మానేస్తున్నానండి. మీకు అంతా చెప్పాను. చెప్పాక కూడా నా కళ్ళ ముందు ఈ పాఠం పెట్టారు. మీకు మనసనేది ఉందో లేదో నాకు తెలియదు."

"సరే," అన్నారావిడ. "పడవ కడిగిపెట్టి వెళ్ళు."

అతను కోపంతోనే బకెట్టు తెచ్చాడు. అడుగుకి పట్టిన పాచి గీకాడు, గుడ్డతో తుడిచాడు. తుడిచేసరికి మధ్యాహ్నం అయింది. మళ్ళీ ఆదివారం వచ్చేసరికి ఎక్కడికి వెళ్ళాలో తెలియక అక్కడికే వచ్చాడు.

వేసవి ముదిరింది. నది తగ్గి ఎక్కడికక్కడ ఇసుక మేటలు బయటపడ్డాయి. ఎండకి భయపడి క్లబ్బుకి వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గారు. సూరిబాబు చిక్కిపోయాడు. దుకాణంలో ఒకళ్ళ అద్దాలు ఇంకొకళ్ళ ఫ్రేములో బిగిస్తున్నాడు. నీళ్ళ కిందికి వెళ్ళినా ఇప్పుడు ఆ చప్పుడు ఆగడం లేదు. అదొక్క చోటు ఉండేది, అదీ పోయింది.

ఒక ఆదివారం అందరూ లంక చుట్టి రావడానికి బయల్దేరారు. సూరిబాబు తలనొప్పిగా ఉందని చెప్పి వెనక్కి తిరిగాడు. ఒడ్డు వైపు వెళ్ళలేదు. పాత రైలు వంతెన వైపు వెళ్ళాడు. అక్కడ స్తంభాల కింద వేసవిలో కూడా లోతు ఉంటుంది. నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. పైన వంతెన నీడ. చుట్టూ ఎవరూ లేరు.

తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంట్లో సుగుణ ఈపాటికి బియ్యం కడుగుతూ ఉంటుంది. తను లేకపోతే ఒక గిన్నెడు తక్కువ కడుగుతుంది, అంతకు మించి తేడా ఏముంటుంది అనుకున్నాడు. హేమంత్ ముఖం తలచుకుందామంటే రాలేదు. చప్పుడొక్కటే వచ్చింది. లైఫ్ జాకెట్టుకున్న బకిళ్ళు ఒక్కటొక్కటే ఊడదీశాడు.

వెనక ధబ్బుమని నీళ్ళు చిమ్మాయి.

తిరిగి చూశాడు. కొంచెం దూరంలో పసుపురంగు కయాకు ఒకటి తలకిందులై ఉంది. క్లబ్బులో పసుపుది ఒక్కటే. టీచర్ గారిది. ఆవిడ ఎప్పటి నుంచి తన వెనక వస్తున్నారో, తెడ్డు చప్పుడైనా ఎందుకు వినబడలేదో అతనికి అర్థం కాలేదు.

ముడతలు పడ్డ రెండు చేతులు నీళ్ళలోంచి పైకొచ్చాయి. పడవ అడుగుని కొట్టాయి.

ధబ్. ధబ్. ధబ్.

సూరిబాబు కదల్లేదు. కదలాలని లేక కాదు. ఒళ్ళు కొయ్యబారిపోయింది. ఆవిడకేం, పట్టీ లాగుతారు, బయటికొస్తారు, ఎన్ని వందలసార్లు చేసుంటారు అనుకున్నాడు. చేతులు పడవ పక్కల వెంబడి ముందుకీ వెనక్కీ వెతుకుతున్నాయి. దొరక్క, మళ్ళీ పైకి లేచాయి.

ధబ్. ధబ్. ధబ్.

పట్టీ లాగడం లేదు. ఎందుకు లాగడం లేదు? అతను చుట్టూ చూశాడు, ఎవరైనా వస్తారేమోనని. వంతెన, ఎండ, నీళ్ళు. మూడోసారి లేచిన చేతుల్లో బలం లేదు. దెబ్బలు పడ్డాయి గానీ చప్పుడు రాలేదు. అరచేతులు తడి ప్లాస్టిక్కుని తాకాయి, అంతే.

అతని నోట్లోంచి ఏదో కేక వచ్చింది. ఒళ్ళోని తెడ్డు అందుకుని నీళ్ళలో వేశాడు. తర్వాత ఎలా వెళ్ళాడో అతనికి గుర్తు లేదు. బకిళ్ళు ఊడిన జాకెట్టు మెడ కిందికి తన్నుకొస్తుంటే, గుండెలు పగిలేలా తెడ్డు వేసి, పడవ ముక్కుని తీసుకెళ్ళి ఆ చేతుల మధ్య గుద్దాడు. ఒక చెయ్యి తడిమింది. పట్టుకుంది. రెండో చెయ్యి కూడా వచ్చి పట్టుకుంది. అతని పడవ ఆ బరువుకి ముందుకి వంగింది.

ఆవిడ పైకొచ్చారు. ముఖం నీలంగా ఉంది. తెల్లజుట్టు కళ్ళ మీద అంటుకుపోయింది. కళ్ళజోడు లేదు, నదిలో పోయింది. అతని పడవ ముక్కుని రెండు చేతులా కౌగిలించుకుని, దాని మీద తల వాల్చి, చాలాసేపు దగ్గారు.

"మీకు మతి పోయిందా!" అని అరిచాడు సూరిబాబు. వంతెన కింద ఆ అరుపు తిరిగి మోగింది. "ఈ వయసులో ఈ పనేంటండీ! నేను రాకపోతే? నేను రాకపోతే ఏమయ్యేది?" అరుస్తూనే ఏడ్చాడు. ఏడుస్తూనే తిట్టాడు. ఏం తిట్టాడో అతనికే తెలియదు.

ఆవిడ అంతా విన్నారు. దగ్గు తగ్గాక, తేలుతున్న తన తెడ్డుని అందుకున్నారు.

"జాకెట్టు పెట్టుకో," అన్నారు.

పడవ తిప్పుకుని ఒడ్డు వైపు వెళ్ళిపోయారు. అతను బకిళ్ళు ఒక్కటొక్కటే పెట్టుకున్నాడు.

ఆ తర్వాత సూరిబాబు క్లబ్బుకి వెళ్ళలేదు. వర్షాలు పడ్డాయి. ఎగువ నుంచి ఎర్రనీరు వచ్చి గోదావరి ఉబ్బింది. క్లబ్బు మూసేశారు. వరద రేవు మెట్లన్నీ మింగి, షెడ్డులోకి కూడా వచ్చి పోయిందని ఎవరో చెప్పారు. అతను దుకాణంలో కూర్చుని, అద్దాలు మళ్ళీ సరిగ్గా బిగించడం మొదలుపెట్టాడు. అలాగని కుదుటపడ్డాడని కాదు. చప్పుడు అలాగే ఉంది. ఇప్పుడు రెండు చప్పుళ్ళు. ఒకటి తను వినని చోట పుట్టింది. ఇంకొకటి తను విని కూడా మూడోసారి దాకా కదలనిది. రెండోది గుర్తొచ్చినప్పుడల్లా చేతిలో పని ఆపేసేవాడు. ఆవిడ మీద కోపం ఒకరోజు తగ్గినట్టుండేది, మర్నాడు రెట్టింపయ్యేది.

ఒకరోజు కుమారస్వామి ఏదో పని మీద దుకాణానికి వచ్చి, మాటల్లో, "టీచర్ గారు పాత కళ్ళజోడు, కాడ విరిగింది, దారంతో కట్టుకుని తిరుగుతున్నారండి. మీ దగ్గరికి రమ్మంటే, అతనే తెస్తాడులే అంటున్నారు," అన్నాడు.

ఆవిడ పవర్ అతనికి తెలుసు. ఆ రాత్రే అద్దాలు అరగదీశాడు. చేసి డబ్బాలో పెట్టాడు గానీ, తీసుకెళ్ళడానికి కాళ్ళు రాలేదు. వరద తీసే దాకా ఆ డబ్బా బల్ల సొరుగులోనే ఉంది.

ఆశ్వయుజం చివర్లో, కార్తీకం ఇంకో నాలుగు రోజులుందనగా, డబ్బా జేబులో పెట్టుకుని రేవుకి వెళ్ళాడు. మెట్ల నిండా ఒండ్రు. షెడ్డు గోడల మీద నడుం ఎత్తున వరద గీత. టీచర్ గారు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఒక కయాకుని బోర్లించి బురద కడుగుతున్నారు. చెవి దగ్గర దారం కట్టిన కళ్ళజోడు.

సూరిబాబు డబ్బా ఇచ్చాడు. ఆవిడ చేతులు తుడుచుకుని కొత్త కళ్ళజోడు పెట్టుకుని, నది వంక చూశారు. బాగుందన్నట్టు తలాడించారు.

అతను వెళ్ళిపోలేదు. బోర్లించిన పడవకి ఇవతల బురదలోనే గొంతుక్కూర్చున్నాడు. ఆవిడ మళ్ళీ కడగడం మొదలుపెట్టారు.

"ఆ రోజు నేను రాకపోయుంటే ఏం చేసేవారండి?" అన్నాడు చాలాసేపటికి. ఇప్పుడు గొంతులో కోపం లేదు.

"పట్టీ లాగేసేదాన్ని."

"ఊపిరి అయిపోతున్నా లాగలేదు కదండీ."

"లేదు."

ఆవిడ గుడ్డ పిండారు. బురదనీళ్ళు కారాయి. సూరిబాబు అడగాలనుకున్నది అది కాదు. అడగాల్సింది ఏడాదిగా, అంతకు ముందు నుంచీ కూడా, అతని గొంతులో అడ్డం పడి ఉంది. అడగడానికి లోకంలో అతనికి ఇంకెవరూ లేరు. ఆ లోపల ఉండి, ఊపిరి అయిపోయే దాకా కొట్టి, తిరిగొచ్చిన మనిషి అతనికి తెలిసి ఈవిడొక్కరే.

"లోపల కొడుతున్నప్పుడు..." అని ఆగాడు. తల వంచుకున్నాడు. "కొడుతున్నప్పుడు ఏమనిపిస్తుందండి?"

ఎస్తేరు గారు గుడ్డ పక్కన పెట్టారు. అతని ఎదురుగా, పడవకి అవతల, తనూ బురదలోనే కూర్చున్నారు.

"నువ్వొస్తున్నావనే అనిపించింది," అన్నారు. "చివరి దాకా."

సూరిబాబు రెండు చేతులూ పడవ అడుగు మీద ఉన్నాయి. వాటిని తియ్యలేదు.

ఆవిడ లేచి ఇంకో పడవ దగ్గరికి వెళ్ళారు. రేవులో ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. ఎండ షెడ్డు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. హేమంత్‌కి కూడా చివరి దాకా అలాగే అనిపించి ఉంటుందన్న ఈ మాట సుగుణకి చెప్పాలంటే ముందు ఆ చప్పుడు సంగతి చెప్పాలి. చెప్పాలా, వద్దా అని అతను అక్కడే చాలాసేపు కూర్చున్నాడు.